అడిగేదాక ఆగుడు

నా చేతి అన్నం తిన్నోళ్లెవ్వరు గూడ "ఇంకొంచెం పెట్టు" అని అడిగింది లేదు. పళ్లెంల రొట్టె సగమయ్యే వరకు ఇంకో రొట్టె పడతది. గిలాసల నీళ్లు అడుగంటకముందే చెంబు పట్టుకొని నేను పక్కన ఉంట. మా అత్త నోట్లెకెల్లి మెచ్చుకోలు వచ్చుడే తక్కువ. ఆమె గూడ నలుగురిల కూసున్నప్పుడు చెప్పేది, "మా కోడలు ఎవ్వరినీ అడగనియ్యదు" అని. మా దిక్కు ఇల్లు నడిపే ఆడదానికి ఇంతకన్న పెద్ద పేరు లేదు. ఈ పేరు వల్లనే నేను పరీక్ష ఫెయిలయిన.

బీదర్ల పిల్లల థెరపీ సెంటర్ల పనిచేసిన. ఇప్పుడు మోకాళ్లు మొండికేసినయి, ఇంట్ల కూసున్న. ఆ సెంటర్ల పనికి కొత్తగ చేరిన ఆడపిల్లలు ఇప్పటికీ ఫోన్ చేస్తరు. "అక్కా, టెక్నీషియన్ పరీక్షకు ఏం చదవాలె, ఎట్ల చదవాలె" అని అడుగుతరు. అమ్మా, చదువు సంగతి నాకంటె మీకే మంచిగ ఎరుక. వీడియోలు, ప్రశ్నలు, జవాబులు అన్నీ మీ ఫోన్లల్నే ఉన్నయి. నేను చెప్పేది నా చెయ్యి చేసిన ఆగం గురించి. ఓపికుంటె వినుండ్రి, లేకుంటె పోయి మీ వీడియోలు చూసుకోండ్రి, నేనేం అనుకోను.

మొదలు నేను అక్కడ ఆయమ్మను. మాట రాని పిల్లలు, పిలిస్తె పలకని పిల్లలు, కుదురుగ కూసోలేని పిల్లలు వచ్చే జాగ అది. వాళ్లను బాత్‌రూంకు తీస్కపోవుడు, కడుగుడు, టిఫిన్ డబ్బాలు తెరిచి తినిపిచ్చుడు, దినమంతా తడిగుడ్డతోటి నేల తుడుసుకుంట పోచా కొట్టుడు నా పని. పిల్లలు నా దగ్గర ఏడ్వకపోతుండె. ఎందుకు ఏడుస్తరు? ఆకలయ్యే ముందే బుక్క నోట్ల పెడితిని, చెడ్డీ తడిసే ముందే ఎత్తుకపోతిని. సెంటర్ నడిపే సారు ఇది చూసి ఒకనాడు, "నువ్వు పీయూసీ పాసయినవు కద, టెక్నీషియన్ పరీక్ష రాయి" అన్నడు. నేను నవ్విన. పీయూసీ, అంటె ఇంటర్, కన్నడల చదివింది, అది గూడ పెళ్లికి ముందట. అటెంకల నేను చదివిందంటె కరెంటు బిల్లే.

టెక్నీషియన్ అంటె ఏమో తెల్వనోళ్లకు చెప్త. పిల్లకు ఏం నేర్పాలె, ఎట్ల నేర్పాలె అనేది పెద్ద మేడం చూసి రాసిస్తది. ఆమె రాసిచ్చినట్టు దినాం పిల్లతోటి కింద కూసొని, ఆడిపిచ్చుకుంట, ఒక్కొక్కటి నేర్పేటోళ్లు టెక్నీషియన్లు. సొంత తెలివి వాడే పని కాదు. మేడం రాసిన దాంట్ల ఒక మాట ఎక్కువ లేదు, ఒక మాట తక్కువ లేదు. సర్టిఫికెట్ లేనోళ్లను ఇగ పిల్లల దగ్గర కూసోనిచ్చేది లేదని సారు చెప్పేసిండు. నేర్సుకునేదాక కూసొనిచ్చిండు గని, పాసయితె నేను టీచర్, ఫెయిలయితె మళ్ల పోచా.

పోచా కొట్టుడు నాకు నామోషీ కాదు, ఇంట్ల గూడ కొడతనే ఉంటి. కాని పిల్లలతోటి చాపల మీద కూసున్న ఆ కొన్ని నెలలు నాకు ఎంత మురిపెమనిపిచ్చిందంటె, మళ్ల బకెట్ పట్టుకొని వరండాల నిలబడాల్నంటె పానం ఉసూరుమంటుండె. ఒక పిల్ల తల్లి నన్ను "టీచరమ్మా" అని పిలిసింది. ఆ దినం బస్సుల కిటికి పక్క సీటు దొరకకున్నా నేను నవ్వుకుంటనే ఇంటికొచ్చిన.

పరీక్ష రెండు ముక్కలు. ఒకటి కంప్యూటర్ మీద, ప్రశ్నలన్ని ఇంగ్లీషుల. రెండోది పెద్ద మేడం ముందట ఒక పిల్లతోటి కూసొని చేసి చూపిచ్చుడు. అందరు కంప్యూటర్‌దానికే భయపడతరు. నేను గూడ దానికే భయపడ్డ.

నాతోటి ఇంకో పిల్ల చదువుతుండె. హుల్సూర్ నుంచి వచ్చి హాస్టల్ల ఉండేది, డిగ్రీ చేసింది, గడగడ ఇంగ్లీషు చదువుతది. మధ్యాహ్నం పిల్లలు పన్నంక ఇద్దరం గోడకు ఒరిగి కూసుంటుంటిమి. ఆమె ప్రశ్న చదివి నాకు తెలుగుల అర్థం చెప్పాలె, నేను జవాబు చెప్పాలె, తప్పయితె నా డబ్బాలకెల్లి ఒక పచ్చడి బద్ద ఆమెకు ఇయ్యాలె. ఆ నెలల ఆమె మంచిగ ఒళ్లు చేసింది.

"అక్కా, రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటె?"

"ఏమో, బహుమానం అసుంటిది."

"అట్ల కాదక్కా. పిల్ల ఒక పని చేసినంక మనం ఏదో ఇస్తం. అందుకని ఆమె ఆ పని మళ్ల మళ్ల చేసిందనుకో. అప్పుడు మనం ఇచ్చింది రీఇన్‌ఫోర్స్‌మెంట్."

"అంటె మా ఆయన చాయ తాగి 'మంచిగున్నది' అంటె, నేను రేపు గూడ అట్లనే పెట్టినట్టా?"

"ఆయన అంటడా అట్ల?"

"ఎన్నడు అనలే. అయినా పెడుతనే ఉన్న."

"అయితె అది వేరే పాఠం అక్కా" అన్నదా పోరి, పచ్చడి నాకుకుంట.

ఇట్లనే ఇంట్ల సంగతులకు కలుపుకుంట కలుపుకుంట చదివిన. హైదరాబాద్ పోయి ఏసీ గదిల గజగజ వణుక్కుంట కంప్యూటర్ ముందు కూసున్న. పాసయిన. నాకే నమ్మబుద్ధి కాలే. తిరిగొచ్చి సెంటర్లందరికి పేడాలు పంచిన. చేసి చూపిచ్చుడు ఒక్కటే మిగిలింది. దానికేం భయం, ఇద్దరు పిల్లలను, ఇద్దరు మరుదులను, ముసలి అత్తను సాకినదాన్ని అనుకున్న. అగో, అక్కడ్నే పడ్డ.

నాకిచ్చిన పిల్లది కమఠాణ ఊరు. అయిదేండ్లుంటయి. నోట్లె ఒక్క మాట లేదు. ఏదన్న కావాలంటె అడగదు, వేలు పెట్టి చూపియ్యదు, సక్కగ పోయి నుదురు నేలకేసి కొట్టుకుంటది. ఠక్కుమని సప్పుడయితది, వింటె మన గుండె ఆగిపోతది. నుదుటి మీద ఎప్పుడు కమిలిన మచ్చనే. తల్లి మెత్తటి గుడ్డ మడత పెట్టి తలకు కట్టి తీస్కొస్తుండె. ఇంట్ల అందరికి తెలిసింది ఒక్కటే: పిల్ల తల వంచేలోపల ఆమెకు కావాల్సింది చేతుల పెట్టాలె. ఏం కావాల్నో తెల్వకపోతె అన్నీ పెట్టాలె.

పెద్ద మేడం హైదరాబాద్ నుంచి నెలకోసారి వస్తుండె. నాకంటె చిన్నది, మాట మెత్తగుంటది, చూపు మాత్రం చీమను గూడ వదలదు. ఆ పిల్లకు నీళ్లంటె పానం. అందుకే మేడం మొట్టమొదలు నీళ్లు అడుగుడు నేర్పుదామన్నది. అంగన్‌వాడిల కన్నడ, గల్లీల ఉర్దూ వినబడతది ఆ పిల్లకు. "ఇంట్లో ఏమంటారు?" అని తల్లినడిగింది మేడం. "నీళ్లు" అన్నదామె. ఆ మాటే ఖాయమయింది.

పద్ధతి ఇది. మూత గట్టిగ బిగిచ్చిన నీళ్ల సీసా పిల్లకు కనబడేటట్టు పెట్టాలె. ఆమె దాని దిక్కు చూస్తె ఒక్కసారి "నీళ్లు" అనాలె, ఆగాలె. "నీ" అని ఏ కొంచెం సప్పుడు చేసినా ఆ నిమిషాన్నే మూత తీసి, మురుసుకుంట ఇయ్యాలె. నేలకు తల పెట్టబోతె మన అరచెయ్యి నేలకు, నుదుటికి నడుమ పెట్టాలె, దెబ్బ తగలనియ్యొద్దు. అప్పుడు మాట్లాడొద్దు, నీళ్లియ్యొద్దు. ఆమె లేసినంక మళ్ల మొదటికెల్లి. అడగకముందు ఇయ్యొద్దు, అడిగినంక ఆపొద్దు. గింతే. వింటె పసిపిల్ల గూడ చేస్తదనిపిస్తది.

పరీక్ష దినం మేడం మూలకు కుర్చీ ఏసుకొని కూసున్నది. నేను, పిల్ల చాప మీద. పిల్ల సీసా దిక్కు చూసింది. "నీళ్లు" అన్న. ఆగాలె కద? నా నోరు ఆగింది. చెయ్యి ఎప్పుడు పోయిందో పోయింది, మూత తీసింది, పిల్ల గటగట తాగుతాంది. నేను చూసి బిత్తరపోయిన.

"మళ్లీ చెయ్యండమ్మా" అన్నది మేడం.

మళ్ల చేసిన. ఈసారి చెయ్యి ఒళ్లె పెట్టుకొని కూసున్న. పిల్ల మొఖం జర మాడింది. పెదవి వంకరపోయింది. దూప అయితాంది బిడ్డకు అనుకున్న. అంతే, మళ్ల సీసా ఆమె నోటికాడ ఉన్నది. ఎన్నిసార్లు చేసినా అంతే. ఆఖరికి పిల్ల అసలు సీసా దిక్కు చూసుడే బందు చేసింది. నా మొఖం చూసుకుంట కూసున్నది, ఈమె ఎట్లాగైనా ఇస్తది కద అన్నట్టు.

మేడం కలం పక్కన పెట్టింది. "అమ్మా, మీరు చాలా ప్రేమగా చూస్తున్నారు. కానీ ఆ పాప మాట్లాడే అవసరమే లేకుండా చేస్తున్నారు. మీరు జీవితాంతం ఆమె పక్కన ఉంటారా?"

నాకు కోపమొచ్చింది. నిజం చెప్తున్న, చెవులు ఎర్రగయినయి. పిల్లకు దూప అయితె నీళ్లిచ్చుడు తప్పా? ఏం చదువు ఇది? బయటికి పోయి హుల్సూర్ పిల్ల ముందట ఆ మేడంను నానా మాటలన్న. ఆ పోరి పాసయింది, మొదటిసారికే. పిల్లలను కన్నది లేదు, పెంచింది లేదు, అన్నం వడ్డిచ్చింది లేదు, చేతులు కట్టుకొని హాయిగ కూసున్నది. నా మీద జాలిపడి ఏమన్నదో తెలుసా? "అక్కా, నీ చెయ్యి నీ మాట వినదు. ఇంట్ల ఎవరి మీదన్న సాధన చెయ్యి."

మేడం మళ్ల నెలకు వస్తది, ఇంకొక్కసారే చూస్తది. ఇంట్ల ఎవరున్నరు? పిల్లలు పెండ్లిళ్లయి పోయిండ్రు, అత్త పోయింది. మా ఆయన ఒక్కడే.

మా ఆయనది బోరు మోటర్లు వైండింగ్ చేసే దుకాణం. మంచోడు, మాట తక్కువ. పెండ్లయిన కాణ్నుంచి నన్ను ఒక్క వస్తువు అడిగి ఎరుగడు. వచ్చుడు, కాళ్లు కడుక్కునుడు, కూసునుడు. పళ్లెం వస్తది, నీళ్లొస్తయి, తువ్వాల వస్తది. చాలనుకుంటె పళ్లెం మీద చెయ్యి అడ్డం పెడతడు. అదొక్కటే ఆయన భాష. ఇసుంటి మనిషి కన్న మంచి విద్యార్థి నాకు ఎక్కడ దొరుకుతడు?

ఆ దినం రెండు రొట్టెలేసి, పప్పు పోసి, ఎదురుంగ కూసున్న. చేతులు రెండు కట్టుకున్న. పప్పు అయిపోయింది. ఆయన రొట్టె ముక్క పట్టుకొని పళ్లెం దిక్కు చూసిండు. గిన్నె దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. నేను మేడం చెప్పినట్టు మొఖం ప్రశాంతంగ పెట్టుకొని ఆగిన. నా చెయ్యి గుంజుతాంది, గరిటె పిలుస్తాంది. ఆయన వట్టి రొట్టె నమిలి మింగి, లేసి చెయ్యి కడుక్కున్నడు. నోరు తెరిసి "పప్పు" అనరాదూ? అనలే.

తెల్లారి గూడ అంతే. నీళ్లు పెట్టకపోతె నల్లా కాడికి పోయి తాగిండు. చాయ ఇయ్యకపోతె హోటల్ల తాగిండు. నేను పట్టు వదలలే. ఇంట్లకు వచ్చుడే బంద్ చేసిండు ఇగ. దుకాణంలనే కూసొని మోటర్లు ఊడదీసి మళ్ల బిగిస్తుండట.

వారం తిరగకముందే బసవకళ్యాణ్ నుంచి మా వదినె దిగింది, మా ఆయన అక్క. బస్సు దిగి సంచి కింద పెట్టకముందే షురూ చేసింది. "ఏం పుట్టిందే నీకు? నా తమ్ముడు ఏం తప్పు చేసిండు? అన్నం పెడతలేవట. తాగుతుండా? ఎవతెనన్న పెట్టుకున్నడా? చెప్పు, చెప్పుతోటి కొడత."

"ఏం తప్పు లేదు వదినె. నేను పరీక్షకు చదువుతున్న."

"మొగనికి అన్నం పెట్టకుండుడు ఏం పరీక్ష?"

ఎట్ల చెప్పాలె నేను? చెప్పిన. కమఠాణ పిల్ల గురించి చెప్పిన, తల నేలకు కొట్టుకునుడు చెప్పిన, అడిగితెనే ఇయ్యాల్నని చెప్పిన. వదినె నోరు తెరుసుకొని విన్నది. అక్క వచ్చిందని తెలిసి దుకాణంకెల్లి వచ్చిన తమ్ముడు దర్వాజ కాడ నిలబడి విన్నడు. ఆయన మొఖం చూడాలె అప్పుడు. ఇన్నొద్దులు నేను ఏదో మనసుల పెట్టుకొని అలిగిన అనుకుంటుండట. ఏం తప్పు చేసిన్నో యాదికి రాక, లోపల్లోపల నలిగిండట.

"ఆ పిల్ల లెక్క నేను గూడ అనుకున్నవా?" అన్నడు.

"కాదు. ఆ పిల్ల నయం. ఆమె తలన్న కొట్టుకుంటది, నువ్వు అది గూడ చెయ్యవు."

వదినె పడి పడి నవ్వింది. ఆయన గుర్రుమని బయటికి పోయిండు. అన్నం టైంకు వచ్చి కూసున్నడు. రొట్టె, పప్పు పెట్టిన. పప్పు అయిపోయింది. నేను, వదినె ఆయన నోటి దిక్కు చూసినం. ఆయన గొంతు సవరిచ్చుకున్నడు. గోడ దిక్కు చూసుకుంట, "ఇగో... జర పప్పు" అన్నడు.

గరిటె నిండ పోసిన. సెంటర్ల చూపిచ్చిన వీడియోల చెప్పినట్టు, "శభాష్! ఎంత మంచిగ అడిగినవు!" అన్న.

"అగో, నేనేమన్న చిన్నపోరగాన్నా?" అని పళ్లెం పక్కకు జరిపిండు. జరిపిండు గని పప్పు అంతా తిన్నడు. అటెంకల ఒక వింత చూసిన. రోజు ఏదో ఒకటి అడుగుడు మొదలుపెట్టిండు. "ఇయ్యాల పుంటికూర చెయ్యి" అన్నడు ఒకనాడు. ఆయనకు పుంటికూర, అదే గోంగూర, ఇష్టమని నాకు ఎరుకనే లేదు. నేను ఇన్నేండ్లు మెంతికూర ఇష్టమనుకొని అదే పెట్టిన, ఆయన పెట్టింది తిన్నడు. ఇంత ఎరిగినదాన్ననుకునే నాకు ఆ దినం సిగ్గయింది. ఆ దెబ్బకు మేడం మీద కోపం గూడ పోయింది. చెయ్యి ఆగుడు అలవాటయింది.

నెల తిరిగింది. మేడం ఈసారి కమఠాణల పిల్ల ఇంట్లనే చూస్తనన్నది. ఎక్కడ నీళ్లు కావాల్నో అక్కడ అడగాలె కద. నాకు ఇదే ఆఖరు మోకా. ఈసారి గూడ పోతె ఇగ పిల్లల చాప మీద కూసునుడు లేదు. బస్సు దిగి, పద్ధతి మనసుల మళ్ల మళ్ల అనుకుంట నడిసిన.

చిన్న ఇల్లు. ముందటి అర్రల చాప పరిసిండ్రు. మేడం గోడకానుకొని కూసున్నది. వంటింటి దర్వాజ కాడ పిల్ల తల్లి నిలబడ్డది, ఆమె ఎనక పిల్ల నాయినమ్మ. మొదలుపెట్టే ముందట మేడం నాతోటి గట్టిగ చెప్పింది: "ఇంట్లో వాళ్లకు మీరు ఏమీ చెప్పకూడదు. వాళ్లకు చెప్పడం నా పని. అది కూడా ఇవాళ చూస్తాను." తలూపిన. అది పుస్తకంల గూడ ఉన్నదే. టెక్నీషియన్ పిల్లతోటి పనిచెయ్యాలె గని, తల్లిదండ్రులకు సలహాలు చెప్పొద్దు.

సీసా పెట్టిన. పిల్ల చూసింది. "నీళ్లు" అన్న. ఆగిన.

నా చెయ్యి లేవలే. పిల్ల సీసా పట్టుకొని మూత గీకింది, నా ఒళ్లె పడేసింది. నేను సీసాను మళ్ల ముందట పెట్టిన. పిల్ల మొఖం మాడింది, పెదవి వంకరపోయింది. దూప అయితాంది బిడ్డకు అని మళ్ల అనుకున్న, ఆ ఆలోచన ఎక్కడికి పోతది? అయినా చెయ్యి లేవలే. పిల్ల తల వంచింది. అరచెయ్యి కింద పెట్టిన. నుదురు నా చేతి మీద పడ్డది, మళ్ల పడ్డది. ఎనకనుంచి నాయినమ్మ, "అయ్యో, ఇయ్యరాదమ్మా, ఏం పాపం చేసింది పోరి" అంటాంది. నేను ఆమె దిక్కు చూడలే. పిల్ల లేసింది. మళ్ల మొదటికెల్లి. "నీళ్లు" అన్న, ఆగిన.

ఈసారి పిల్ల సీసా ఎత్తుకున్నది. నా పక్కకెల్లి దాటిపోయింది. సక్కగ తల్లి దగ్గరికి పోయి, సీసా పైకెత్తి పట్టుకున్నది. నోరు తెరిసింది. "నీల్" అన్నది.

మెల్లగ అన్నది, కాని అందరికి వినబడ్డది.

తల్లి సీసా తీసుకున్నది. మూత మీద చెయ్యి పెట్టింది. తీయలే. కండ్లల్ల నీళ్లు గిర్రున తిరిగినయి. కింద కూసొని పిల్ల గదవ పట్టుకున్నది. "మళ్ల అను బిడ్డా. ఒక్కసారి. ఇంకోసారి అను" అంటాంది. పిల్ల సీసా దిక్కు చూస్తాంది. "అను తల్లీ, అమ్మకు ఇంకోసారి చెప్పు, నీళ్లు అను." సీసా తల్లి ఎదకు అదుముకొని ఉన్నది. నేను మేడం దిక్కు చూసిన. ఆమె గూడ తల్లిని చూసుకుంట ఉన్నది, కలం చేతుల ఉన్నది, కదలలే. పిల్ల మెడ వంగుతాంది. నేలకు పోతాంది. నా చెయ్యి అంత దూరం అందదు.

పుట్టి ఇన్నేండ్లకు మొదటిసారి నోరు తెరిసి అడిగింది. అడిగినా రాలేదు అని ఆ పిల్లకు తెలిస్తె, ఇగ ఎందుకు అడుగుతది? ఎవరు చెప్పాలె, ఎవరు చెప్పొద్దు అనేది నాకు ఎరుకనే. నా సర్టిఫికెట్ గూడ ఎరుకనే.

"ఇయ్యమ్మా!" అని ఒర్రిన. "అడిగింది కద, ఇయ్యి! మళ్ల అనిపియ్యకు, ముందు ఇయ్యి!"

తల్లి ఉలిక్కిపడి మూత తిప్పింది. పిల్ల తల నేలకు అందకముందే సీసా ఆమె చేతులకొచ్చింది. గటగట తాగింది. మెడ మీదికెల్లి, గౌను మీదికెల్లి నీళ్లు కారినయి.

మేడం కాయితం మీద ఏదో గీసింది. నాకు కనబడేటట్టే గీసింది, ఇంటూ గుర్తు. "తల్లికి చెప్పడం మీ పని కాదని ముందే చెప్పాను కదమ్మా."

"చెప్పిండ్రు మేడం."

"మళ్లీ ఇలా అయితే ఏం చేస్తారు?"

"మీకు సైగ చేస్త."

"నేను చూడకపోతే?"

అబద్ధం ఆడొచ్చు. పాసయ్యే జవాబు ఏందో నాకు ఎరుకనే, పుస్తకంల చదివిన. కాని నోరు తిరగలే.

"మీరు చూడకపోతె ఇదే చేస్త మేడం. ఫెయిల్ చేస్తె చెయ్యుండ్రి."

ఆమె మిగిలిన గళ్లన్నిట్ల వరుసగ టిక్కులు పెట్టుకుంట పోయి, కింద సంతకం పెట్టింది. ఇంటూ గుర్తును మాత్రం కొట్టెయ్యలే. "ఆ ఒక్కటి తప్పుగానే ఉంటుంది. మిగతా అన్నీ సరిగ్గా చేశారు. పాస్" అన్నది. మళ్ల గొంతు తగ్గిచ్చి, "ఆ తల్లిని చూసి నాకూ నోట మాట రాలేదమ్మా" అన్నది.

నేను సంచి సర్దుకుంటున్న. అవతల దర్వాజ కాడ పిల్ల ఖాళీ సీసా తల్లికి మళ్ల అందిచ్చింది. "నీల్." తల్లి లోపలికి ఉరికి నింపుకొచ్చి ఇచ్చింది. తాగింది. మళ్ల చాపింది. "నీల్." మళ్ల నింపింది. పిల్ల సగం తాగుతాంది, సగం ఒలకపోస్తాంది, మళ్ల అడుగుతాంది. తల్లి కొంగుతోటి ఒకసారి కండ్లు, ఒకసారి నేల తుడుసుకుంట, కుండ కాడికి దర్వాజ కాడికి తిరుగుతనే ఉన్నది.

నాయినమ్మకు చిరాకేసింది. "ఏందే ఇది? ఇన్ని నీళ్లు పోస్తె ఇయ్యాల పక్క తడుపుతది పోరి."

"తడిపితె తడపనీ అత్తమ్మా" అన్నదామె, సీసా నింపుకుంట. "అడుగుతాంది."